నేను చెప్పిన అర్థం

నా దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. రెండు వందల పేజీలది. గోధుమరంగు కాగితంతో వేసిన అట్ట అంచులు అరిగి పీచులు తేలాయి. మొదటి పేజీలో "మాటల పుట్టుకలు" అని నా దస్తూరీ. 1974లో కోస్తాలోని ఒక చిన్న ఊరి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేరినప్పటి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకునే క్లాసుకు వెళ్లాను. అందులో రాసుకున్నవాటిలో సగానికి పైగా తప్పులు. ఆ తప్పులు ఎవరెవరికి చెప్పానో, వాటిలో ఒకటి ఎంత దూరం వెళ్లి ఎవరిని గాయపరిచిందో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి పీరియడు జనరల్ ఇంగ్లీషు. తొంభై మంది పిల్లలు. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీదా, కిక్కిరిసిన బస్సుల్లోనూ వచ్చేవాళ్లు, పదో తరగతి దాకా తెలుగులోనే చదివినవాళ్లు. ఇంగ్లీషంటే బెదురు. కునికిపాట్లు పడే ఆ క్లాసులో నేను బోర్డు మీద ఒక మాట రాసి, అక్షరాలు విడగొట్టి, ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట తగిలించేసరికి అందరి కళ్లూ విచ్చుకునేవి. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్, నాలుగు దిక్కుల కబురు. టిప్ అంటే "టు ఇన్షూర్ ప్రాంప్ట్‌నెస్", పని త్వరగా కావడానికి ముందే ఇచ్చే చిల్లర. కాప్ అంటే "కానిస్టేబుల్ ఆన్ పెట్రోల్". స్నాబ్ అంటే లాటిన్‌లో "సైనె నోబిలిటాటె", అంటే కులీనత లేనివాడు, ఆక్స్‌ఫర్డు రిజిస్టర్లలో మామూలు ఇళ్ల పిల్లల పేర్ల పక్కన అలా రాసేవారని. పిల్లలు గబగబా రాసుకునేవారు. పరీక్షలకు అక్కరలేని విషయాన్ని పిల్లలు ఇష్టంగా రాసుకోవడం చూస్తే ఏ మాస్టారికైనా కడుపు నిండుతుంది.

ఇవన్నీ నాకెక్కడివి? పత్రికల్లో పేజీ అడుగున ఖాళీ పూడ్చడానికి వేసే చిన్న పెట్టెల్లోవి. రైల్వే స్టేషన్లలో పుస్తకాల బండి మీద కొన్న జనరల్ నాలెడ్జి పుస్తకాల్లోవి. నాకు చదువు చెప్పిన మాస్టారు చెప్పినవి. ఆయనకు ఆయన మాస్టారు చెప్పి ఉంటారు. ఒక్కరమూ నిఘంటువు తెరవలేదు.

అన్నిటికన్నా నాకిష్టమైన కథ "పోష్" అనే మాటది. దర్జాగా, ఖరీదుగా ఉన్నదాన్ని పోష్ అంటాం కదా. ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడలో వచ్చే దొరలకు, వచ్చేటప్పుడు ఎడమ పక్క గదులూ తిరిగి వెళ్లేటప్పుడు కుడి పక్క గదులూ అయితే ఎండ తగలదట. నావికుల భాషలో ఎడమ పోర్టు, కుడి స్టార్‌బోర్డు. "పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్." ఎక్కువ సొమ్ము కట్టినవాళ్ల టిక్కెట్ల మీద పి అండ్ ఓ ఓడల కంపెనీ ఆ నాలుగు అక్షరాలూ ముద్ర వేసేదట. ఈ కథ చెప్పేటప్పుడు బోర్డు మీద ఎర్ర సముద్రం గీసేవాణ్ణి, సూయజ్ కాలువ గీసేవాణ్ణి, సూర్యుణ్ణి ఒక పక్కన పెట్టేవాణ్ణి. అరగంట పట్టేది.

1981లో ఒక రోజు ఆ బొమ్మ గీసి చేతుల సుద్ద దులుపుకుంటుంటే రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. ఎప్పుడూ నోరెత్తని పిల్ల. "మాస్టారూ, ఆ టిక్కెట్టు ఎవరైనా చూశారాండీ?" అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పాల్సింది. "ఏం అమ్మాయ్, ఓడెక్కి వెళ్లి నువ్వు చూసొస్తావా?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, తల దించుకుని కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. తొంభై మందిలో ఆలోచించినది ఆ ఒక్కతే. ఆ ఒక్కదాన్నీ నేను కూర్చోబెట్టేశాను. ఆ సంగతి అప్పుడు నా మనసుకు తట్టనైనా తట్టలేదు.

నా పుస్తకంలో ఇంకో మాట ఉంది. అది "వాగ్". తెల్లవాళ్లు మనవాళ్లను ఉద్దేశించి వాడే మాట. దాన్ని కూడా నేను అక్షరాలుగానే విడగొట్టాను. "వర్దీ ఓరియంటల్ జెంటిల్‌మన్". గౌరవనీయుడైన ప్రాచ్య దేశపు పెద్దమనిషి అని అర్థం చెప్పాను. ఇంగ్లీషువాళ్లు చదువుకున్న భారతీయులను అలా పిలిచేవారనీ, అది మర్యాద అనీ చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నా గొంతులో కొంత గర్వం కూడా ఉండేది.

1993 సంక్రాంతికి ఒక పాత విద్యార్థి మా ఇంటికి వచ్చాడు. మా దగ్గర ఇంటర్ చదివి, గుంటూరులో మెడిసిన్ పూర్తి చేసి, 1984లో బ్రిటన్ వెళ్లినవాడు. మా ఆవిడ అరిసెలు పెట్టింది, కాఫీ ఇచ్చింది. ఊరి కబుర్లు, పెళ్లిళ్ల కబుర్లు అయ్యాయి. మా ఆవిడ లోపలికి వెళ్లాక అతను కాసేపు అరుగు కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

వెళ్లిన కొత్తలోనట. రాత్రి డ్యూటీకి వెళ్లడానికి బస్టాపులో నిలబడ్డాడు. చలి. ముగ్గురు కుర్రాళ్లు దగ్గరికొచ్చి ఆ మాటతో పిలిచారు. అతనికి నా క్లాసు గుర్తొచ్చింది. దేశం కాని దేశంలో, పలకరించే నాథుడు లేనిచోట, గౌరవంగా పిలిచారనుకున్నాడు. నవ్వి, "థాంక్యూ" అన్నాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. మళ్లీ అదే మాట అన్నారు. ఇతను మళ్లీ నవ్వాడు. ఒకడు అతని బూట్ల ముందు ఉమ్మేసి వెళ్లాడు. అప్పటికి కానీ ఏదో తేడా ఉందని తెలియలేదట. మర్నాడు తనతో పనిచేసే ఒక పెద్దవయసు పంజాబీ డాక్టరును అడిగితే, ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, తర్వాత చెప్పాడట.

"తిట్టినందుకు కాదండీ మాస్టారూ. తిట్లు తర్వాత చాలా విన్నాను. నేను నవ్వాను చూశారా, అది గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదండీ" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అర్థం నేనే చెప్పానని కూడా అనలేదు. వెళ్లేటప్పుడు వంగి కాళ్లకు దండం పెట్టాడు. నాకు ఆశీర్వదించడానికి చెయ్యి లేవలేదు.

ఆ రాత్రే నోటుబుక్కు తీసి ఆ పేజీ చింపబోయాను. చింపితే పోయేది కాగితమే. చెప్పిన మాట ఎక్కడెక్కడ తిరుగుతోందో ఏం తెలుసు? వారం తర్వాత విశాఖ వెళ్లాను. అక్కడ ఒక పెద్ద గ్రంథాలయంలో ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు ఇరవై సంపుటాలూ ఉన్నాయని తెలుసు. ఇంగ్లీషు పాఠాలు చెబుతూ పందొమ్మిదేళ్లు గడిపినవాణ్ణి, మొదటిసారి ఆ బల్ల ముందు కూర్చున్నాను.

ఆ నిఘంటువు పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ప్రతి అర్థం కిందా, ఆ మాట ఆ అర్థంలో మొదట ఎక్కడ దొరికిందో సంవత్సరంతో సహా చూపిస్తారు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ ఆ పనికి పూనుకుంది. జేమ్స్ మరే అనే స్కాట్లండు బడిపంతులు సంపాదకుడయ్యాడు. వేలమంది మామూలు పాఠకులు పుస్తకాలు చదువుతూ, కనిపించిన మాటలను చీటీల మీద రాసి పోస్టులో పంపారు. మొదటి భాగం 1884లో వచ్చింది, చివరిది 1928లో. అప్పటికి మరే చనిపోయి పదమూడేళ్లు. అంత తపస్సులోనూ వాళ్లు పట్టుకున్న సూత్రం ఒక్కటే. కథ ఎంత బాగున్నా సరే, రాతలో చూపించు. రెండో బెంచీలోని అమ్మాయి నన్ను అడిగింది అదే.

"వాగ్" దగ్గర వేలు పెట్టాను. 1929లో ఫ్రాంక్ బోవెన్ అనే ఆయన నావికుల వాడుక మాటలు పోగుచేసి వేసిన పుస్తకం కనిపించింది. భారత తీరంలో ఓడల కంపెనీల్లో పనిచేసే కిందిస్థాయి గుమాస్తా బాబులను అలా అంటారని అందులో ఉంది. గౌరవం లేదు, పెద్దమనిషీ లేడు. 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ అనే ఆమె పిల్లల పుస్తకంలో గీసిన నల్ల గుడ్డబొమ్మ పేరు గాలివాగ్. ఆ పేరు తెగి ఈ తిట్టు పుట్టి ఉంటుందని చాలామంది పండితుల ఊహ. అక్షరాల కథ ఆ తర్వాత ఎవరో అతికించినది.

గుమాస్తాలు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మా తాతగారు కాకినాడ రేవులో దొరల కంపెనీ గుమాస్తా. నిలువు చారల కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని దిగిన ఆయన ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆయన్ని అన్న మాటకు, ఆయన మనవణ్ణి నేను, గౌరవనీయుడు అని అర్థం చెబుతూ తిరిగాను.

ఆ తర్వాత నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. నోటుబుక్కులోని ప్రతి మాటనూ వెతికాను. న్యూస్ అంటే కొత్తవి అనే అర్థంలో న్యూ అనే మాటకు బహువచనం, అంతే. టిప్ దొంగల మాట. 17వ శతాబ్దం మొదట్లో లండన్ దొంగలు చేతికివ్వడం, అందించడం అనే అర్థంలో వాడుకున్నది. తర్వాత వందేళ్లకు అది బల్ల మీద వదిలే చిల్లర అయింది. కాప్ అంటే పట్టుకోవడం. పట్టుకునేవాడు కాపర్, 1840లకే ఆ మాట ఉంది. స్నాబ్ అంటే మొదట చెప్పులు కుట్టేవాడు. 18వ శతాబ్దం చివర కేంబ్రిడ్జి విద్యార్థులు తమవాడు కాని ఊరి మనిషినల్లా ఆ పేరుతో పిలిచారు. 1840లలో ఇంగ్లీషు రచయిత థాకరే వ్యాసాల పుణ్యమా అని అది గొప్పలు పోయేవాడికి అంటుకుంది. చెప్పులు కుట్టేవాడి వృత్తి పేరు తిట్టుగా మారి, చివరికి తిట్టినవాడి వర్గాన్నే చేరుకుంది. ఈ నిజం ముందు నా లాటిన్ కథ ఎంత వెలవెలబోయిందో!

పోష్ కూడా అంతే. అలా ముద్ర వేసిన టిక్కెట్టు ఒక్కటంటే ఒక్కటి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కంపెనీ కాగితాల్లో ఆ మాట లేదు. దర్జా అనే అర్థంలో అచ్చులో కనిపించేది 1914లో, బ్రిటిష్ సైన్యం గురించిన ఒక పుస్తకంలో, గుర్రపు దళం సిపాయిల షోకు బట్టల ప్రస్తావనలో. ఓడ కథ పుట్టింది ఆ తర్వాతే. 19వ శతాబ్దపు దొంగల భాషలో పోష్ అంటే అర్ధ పెన్నీ, చిల్లర డబ్బు. రోమానీ భాషలో పోష్ అంటే సగం. డబ్బు అనే ఆ మాటే దర్జా అయిందా అన్నది నిఘంటువు తేల్చలేదు. తేలలేదనే అచ్చు వేసింది. ఆ వాక్యం చూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇంగ్లీషులోకెల్లా పెద్ద నిఘంటువు తేలలేదని రాయగలిగినప్పుడు, తెలియదనడానికి నాకు ఎందుకు నోరు రాలేదు?

అక్షరాలు విడగొట్టే కథలన్నిటికీ ఒకటే మందు ఉందని కూడా అక్కడే అర్థమైంది. మాటల మొదటి అక్షరాలు ఏరి కొత్త మాట చెయ్యడం 20వ శతాబ్దపు అలవాటు. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైన్యాలు పెంచిన అలవాటు. రాడార్, లేజర్ అలా పుట్టాయి. అలాంటి మాటలను పిలిచే ఆక్రోనిమ్ అనే పేరే 1940ల ప్రాంతానిది. అంతకు వందలేళ్ల ముందే జనం నోట ఉన్న మాటకు ఎవరైనా అక్షరాల కథ చెబితే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అది తర్వాత అల్లిన కథే.

మిగిలిన ఆ ఒక్క పాలు మన అందరి నోళ్లలోనూ రోజుకు వందసార్లు పలుకుతుంది. ఓకే. దీనికి నా నోటుబుక్కులో మూడు పుట్టుకలు ఉన్నాయి. గ్రీకు మాటన్నదొకటి, అమెరికా ఆదివాసుల చాక్టా మాటన్నదొకటి, యుద్ధంలో "జీరో కిల్డ్" అన్నదొకటి. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి, 1963, 64లలో వరసగా వ్యాసాలు రాసి ఆ గొడవ తేల్చాడు. 1830ల చివర బోస్టన్ పత్రికలవాళ్లకు మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటికి పొడి అక్షరాలు పెట్టడం ఒక సరదా. "ఆల్ కరెక్ట్" అనడానికి "ఓల్ కొరెక్ట్". 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్టులో అది ఓ.కె. అయింది. అలాంటివి ఇంకా చాలా పుట్టాయి, అన్నీ పోయాయి. ఇదీ పోయేదే. కానీ 1840 ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు, ఆయన సొంతూరు కిండర్‌హుక్ పేరు మీద "ఓల్డ్ కిండర్‌హుక్" అని, ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు. మాట గెలిచింది. మా ఊళ్లో రిక్షా లాగే మనిషి నుంచి చంద్రుడి మీదికి వెళ్లినవాళ్ల దాకా అందరూ అన్న మాట, ఒక పత్రికాఫీసు తమాషా! దీనికన్నా మంచి కథ నేను ఇరవై ఏళ్లలో ఒక్కటీ చెప్పలేదు.

ఆ నాలుగు రోజులూ నన్ను మళ్లీ విద్యార్థిని చేశాయి. స్లాంగ్ అంటే అంతకుముందు నాకు చులకన. మన పండితులు "గ్రామ్యం" అని ఒక ముద్ర వేసి పక్కన పడేసేవారే, అలాగే నేనూ దాన్ని నవ్వుకోవడానికి పనికొచ్చే సరుకనుకున్నాను. గిడుగు రామమూర్తి గారి పేరు గౌరవంగా తలుచుకునే ఊళ్లలో బతుకుతూ కూడా, ఆయన దేనికోసం పోరాడారో ఇంగ్లీషు విషయంలో నాకు ఎక్కలేదు. జనం నోటి మాటకు కూడా చరిత్ర ఉంటుంది, దాన్ని రాసిపెట్టినవాళ్లూ ఉంటారు. 1560లలోనే థామస్ హార్మన్ అనే కెంట్ జిల్లా పెద్దమనిషి, తన గుమ్మం ముందుకొచ్చే దిమ్మరులను మాట్లాడించి వాళ్ల రహస్య భాష పుస్తకం వేశాడు. 1699 ప్రాంతంలో, పేరు చెప్పుకోకుండా బి.ఇ. అని రెండు అక్షరాలు మాత్రం వేసుకున్న ఒకాయన దొంగల భాషకు నిఘంటువే కట్టాడు. "ఫన్" అనే మాట అందులో మోసం అనే అర్థంతో ఉంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన మహా నిఘంటువులో ఫన్‌ను నీచమైన మాట అని ముద్ర వేశాడు. "మాబ్" అనే మాట మీద 1710లోనే జొనాథన్ స్విఫ్ట్ విరుచుకుపడ్డాడు. ఈ రెండూ ఇప్పుడు మన ఆరో తరగతి పిల్లలు రాసే మాటలు.

వాళ్లందరిలోనూ నాకు ఆప్తుడు ఫ్రాన్సిస్ గ్రోస్. మాజీ సైనికుడు, భారీ మనిషి. రాత్రిపూట లండన్ పేటల్లో, సారాకొట్లలో తిరిగి, జనం మాట్లాడుతుంటే విని రాసుకుని, 1785లో ఒక నిఘంటువు అచ్చు వేశాడు. గాడిదను "డాంకీ" అనడం మొదటిసారి కనిపించేది ఆ పుస్తకంలోనే. అంతకుముందు ఇంగ్లీషువాళ్లకు అది "ఆస్" మాత్రమే. అందులోనే "టిఫింగ్" అనే మాట చూసి ఉలిక్కిపడ్డాను. భోజనాల వేళ కాని వేళ తినడం, తాగడం అని అర్థం. ఇండియాకొచ్చిన ఇంగ్లీషువాళ్ల నోట అది టిఫిన్ అయింది. బెజవాడ బస్టాండు ఎదురుగా పొద్దున్నే ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరితో పాటు వినిపించే మాట, మనదే అనుకునే మాట, లండన్ సారాకొట్టు మాట! సొంత ఊళ్లో అది ఎప్పుడో చచ్చిపోయింది. మన దగ్గర మాత్రం బోర్డులెక్కి బతుకుతోంది.

"ఫోనీ" కథ కూడా ఇలాంటిదే. టెలిఫోన్ నుంచి వచ్చిందని నా నోటుబుక్కు. నిజానికి ఐరిష్ భాషలో ఉంగరాన్ని ఫాన్యె అంటారు. 18వ శతాబ్దపు మోసగాళ్లు బంగారు పూత వేసిన ఇత్తడి ఉంగరం దారిలో పడేసి, అప్పుడే దొరికినట్టు నటించి, దారిన పోయేవాడికి అమ్మేవారు. ఉంగరాన్ని వాళ్లు ఫానీ అనేవారు, అది మారి ఫోనీ అయింది. మా చిన్నప్పుడు మా మేనత్త అచ్చంగా ఇదే మోసంలో రాజమండ్రి పుష్కరాల రేవులో ముప్పై రూపాయలు పోగొట్టుకుంది. "దారిలో దొరికిందమ్మా, సగం ధరకిస్తాను" అన్నారట. మాటకూ మోసానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని అప్పుడెవరికి తెలుసు!

"పాల్" అంటే స్నేహితుడు. రోమానీలో అన్నదమ్ముడని అర్థం. రోమానీ భాష మన దేశం నుంచి నడిచి వెళ్లినవాళ్లది, కాబట్టి ఆ మాటకు మూలం సంస్కృతపు భ్రాతే. ఈ మాట దగ్గర నాకు వాగ్ మళ్లీ గుర్తొచ్చింది. ఒకే దేశం నుంచి వెళ్లిన మాట ఒకటి స్నేహితుడైంది, ఆ దేశపు మనుషులకు పెట్టిన పేరు ఇంకొకటి ఉమ్మైంది.

భారతదేశం నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన మాటలకు హాబ్‌సన్ జాబ్‌సన్ అనే నిఘంటువు ఉంది. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎ.సి. బర్నెల్ కలిసి చేసినది. 1886లో అచ్చయింది. అప్పటికి బర్నెల్ చనిపోయి నాలుగేళ్లు. మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అనే శోకం బ్రిటిష్ సిపాయిల చెవికి అలా వినిపించిందట, అదే పుస్తకం పేరైంది. ఒకరి ఏడుపు ఇంకొకరి చెవిలో ఆటగా మారడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఆ పుస్తకం విలువ తక్కువది కాదు. మన పందికొక్కు "బాండికూట్" అయి, చివరికి ఆస్ట్రేలియాలో వేరే జంతువుల మీద వాలిన వైనం అందులో చదివి, మా ఊరి ధాన్యం కొట్లు గుర్తొచ్చి ఎంత సంతోషపడ్డానో. నాసిక్ దగ్గరి దేవలాలి శిబిరంలో ఇంటికెళ్లే ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూసి మతి చెడిన సిపాయిల వల్ల "డూలాలీ టాప్" అనే మాట పుట్టింది. టాప్ అంటే జ్వరం, మన తాపమే.

ఆ మహా పండితులు కూడా ఒక చోట జారారు. "ఐ డోంట్ కేర్ ఎ డామ్" అనే మాట మన "దాము" నాణెం నుంచి వచ్చి ఉంటుందని రాశారు. ఆక్స్‌ఫర్డు నిఘంటువు ఒప్పుకోలేదు. అది మామూలు శాపనార్థమే. తమ పుస్తకం నిండా భారతీయ మాటలే ఉన్నప్పుడు ఇంకొకటి దొరికితే చేర్చుకోవాలనే ఆశ ఎంత బలమైనదో నాకు తెలుసు. నన్ను లోబరుచుకున్నదీ అదే ఆశ. ఊరూ పేరూ లేని మాటకు కథ దొరికితే వదలబుద్ధి కాదు.

తిరిగొచ్చాక క్లాసులో మొదటి రోజే చెప్పాను. "ఇదివరకు నేను చెప్పినవి తప్పు" అని బోర్డు మీద మాటలు ఒక్కొక్కటే రాసి, పక్కన సంవత్సరం వేశాను. అప్పుడు నా ముందున్నవాళ్లు ఆ తప్పులు విననే లేదు. విన్న పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. డాక్టరుకు ఉత్తరం రాశాను. వాగ్ గురించి నిఘంటువు చెప్పింది రాసి, ఆ అర్థం నా నోటి నుంచే వచ్చిందనీ, దానికి నన్ను క్షమించమనీ రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. పదేళ్ల కొడుకును స్కూల్లో అదే మాట అన్నారనీ, ఈసారి నా ఉత్తరం దగ్గర పెట్టుకుని వాడికి అసలు అర్థం చెప్పాననీ రాశాడు. వాడు నవ్వలేదు, మాస్టారితో చెప్పాడు అని కూడా ఉంది. ఆ ఉత్తరం ఇప్పుడు ఆ నోటుబుక్కులో ఆ పేజీలోనే ఉంది.

ఇప్పుడు మా మనవరాలు టెక్సస్‌లో చదువుతోంది. వేసవిలో వస్తే దాని మాటలు సగం నాకు అర్థం కావు. "రిజ్" అంటుంది. ఎవరినైనా ఆకట్టుకునే నేర్పట. కరిస్మా అనే మాట నడుము విరిచి తీసుకున్నది, 2023లో ఆక్స్‌ఫర్డువాళ్లు ఏటి మేటి మాటగా ఎంచుకున్నది. నేను ఇప్పుడు అర్థం చెప్పను, అడుగుతాను. ఎవరు ఎవరితో అంటారు, పెద్దవాళ్లతో అనొచ్చా, కోపంగా అంటే ఎలా ఉంటుంది అని. అది ఓపిగ్గా చెబుతుంది.

ఒకసారి "ఓ.ఎమ్.జి. మీ ఫోన్ల కాలం మాట కాదే, 1917లో జాన్ ఫిషర్ అనే నౌకాదళం మాజీ పెద్ద చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే ఉంది" అన్నాను. "ప్రూఫ్ ఏంటి తాతయ్యా?" అంది వెంటనే. నాకెంత సంతోషమైందో చెప్పలేను. 1919లో అచ్చయిన ఫిషర్ జ్ఞాపకాల పుస్తకంలో ఆ ఉత్తరం వెతికి చూపించాను. అక్షరాల పక్కనే వాటి అర్థం కూడా ఆయనే రాశాడు. అప్పుడు నమ్మింది.

"వోక్" గురించి అది అడిగితే మాత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. 1931లో అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను చెయ్యని నేరానికి జైల్లో పెట్టారు. వాళ్ల మీద పాట కట్టిన లెడ్ బెల్లీ, 1938లో రికార్డు చేసినప్పుడు పాటయ్యాక, అటు వెళ్లే తనవాళ్లందరూ మెలకువగా ఉండాలని మాటల్లో హెచ్చరించాడు. ప్రాణం కాపాడుకోమని తనవాళ్లకు తను చెప్పుకున్న మాట అది. ఇప్పుడు అదే మాట దాని క్లాసులో వెక్కిరింపుగా వాడతారట. ఆ మాట పుట్టింది ఎవరి భయంలోంచో వెక్కిరించేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. బస్టాపులో నా విద్యార్థికి చెప్పవలసినదాన్ని నేను చెప్పనట్టే.

రెండో బెంచీ అమ్మాయి కోసం చాలాకాలం వెతికాను. పోయిన ఏడాది పాత విద్యార్థులు కలిసినప్పుడు ఆమె ఫోన్ నంబరు దొరికింది. రెండు రోజులు ఆగి చేశాను. స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయిందట. నా పేరు చెప్పగానే "బాగున్నారా మాస్టారూ" అంది. ఆ గొంతులో ఏ కినుకా లేదు. క్లాసు గుర్తుందా, పోష్ అనే మాట గుర్తుందా అని అడిగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"గుర్తుందండీ. ఓడ బొమ్మ గీశారు."

"నువ్వు ఒక ప్రశ్న అడిగావమ్మా. నేను నిన్ను నవ్వులపాలు చేశాను. నీ ప్రశ్నే సరైనది, నేను చెప్పిందే తప్పు. నలభై ఏళ్లు ఆలస్యంగా చెబుతున్నాను, ఏమనుకోకు."

మళ్లీ చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే ఆ టిక్కెట్టు ఎవరూ చూడలేదాండీ?"

"ఎవరూ చూడలేదమ్మా" అన్నాను.